ఖాతాలో 900 యూరోలు

2023 సెప్టెంబరులో సుమిత్ నాగల్ అనే మన టెన్నిస్ ఆటగాడు, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే, అంటే సుమారు 80 వేల రూపాయలే ఉన్నాయని పీటీఐ వాళ్ళతో చెప్పాడు. అప్పటికి సింగిల్స్‌లో దేశంలో మొదటి ర్యాంకు అతనిదే. ఆ ఏడాది 24 టోర్నమెంట్లు ఆడి 65 లక్షల దాకా సంపాదించాడు కూడా. చదివినవాళ్ళంతా అయ్యో పాపం అన్నారు. ముప్పై నాలుగేళ్ళు రక్షణ శాఖ లెక్కల విభాగంలో బిల్లులు తిరగేసిన నాకు మాత్రం ముందుగా తోచింది ఒక్కటే: జమ 65 లక్షలైతే ఖర్చు ఎంత? అదీ అతనే చెప్పాడు. ఒక్క కోచ్‌ని వెంటబెట్టుకుని తిరిగితే, ఫిజియో లేకుండా, ఏడాదికి 80 లక్షల నుంచి కోటి. ప్రైజ్ మనీ, ఇండియన్ ఆయిల్ జీతం అన్నీ అందులోకే పోయాయి.

నాలుగు నెలల తర్వాత, 2024 జనవరిలో, అదే నాగల్ ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వాలిఫయింగ్ నెగ్గి, మొదటి రౌండులో 31వ సీడు బుబ్లిక్‌ని ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ విలాండర్‌ని ఓడించాక, గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో మనవాడు ఒక సీడుని కొట్టడం అదే మొదలు. చేతికి 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, అంటే 98 లక్షల దాకా. ఇక చూడండి, మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో 'కష్టే ఫలి' అని కొందరు, 'నుదుట రాసి ఉంటే ఆపేదెవరు' అని కొందరు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని ఎవరికీ అనిపించలేదు. అదే కష్టం పడి, ఆ క్వాలిఫయింగ్‌లోనే ఓడిపోయినవాళ్ళ సంగతి ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. (2025లో నాగల్ మళ్ళీ మొదటి వందలోంచి జారిపోయాడు. అప్పుడు నుదుటి రాత ఊసెత్తినవాళ్ళు లేరు.)

కింది మెట్టు లెక్క చూద్దాం. ఐటీఎఫ్ నడిపే 15కె టోర్నమెంటు అంటే మొత్తం బహుమతి 15 వేల డాలర్లు. సింగిల్స్‌లో 32 మంది. గెలిచినవాడికి 2,160 డాలర్లు, మొదటి రౌండులో ఓడిన 16 మందికి తలా 156. అదైనా పన్ను కోతకి ముందు. పాయింట్లు సున్నా. క్వాలిఫయింగ్‌లో ఓడితే డబ్బూ సున్నా. టోర్నమెంటు పేరు పక్కన 'హెచ్' అనే అక్షరం ఉంటే బస ఉచితం, లేకపోతే హోటలు బిల్లూ సొంతమే. అందుకే చాలామంది ట్యునీషియాలోని మొనాస్టిర్‌లోనో, టర్కీలోని అంతల్యాలోనో వారాల తరబడి మకాం వేస్తారు. అక్కడ వరసగా టోర్నమెంట్లు జరుగుతాయి, విమానం టిక్కెట్లు కలిసొస్తాయి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఏడాదంతా టూర్ డ్యూటీ, టీఏ బిల్లు మాత్రం లేదు.

ఐటీఎఫ్ వాళ్ళే 2013 సంవత్సరానికి లెక్క తీశారు. కోచ్ ఖర్చు కలపకుండా, మగ ఆటగాడికి సగటున 38,800 డాలర్లు. పైన చెప్పిన 15కె టోర్నీలు మాత్రమే ఆడి ఆ ఖర్చు రాబట్టాలంటే ఏడాదిలో 18 టైటిళ్ళు గెలవాలి! ఖర్చూ ఆదాయమూ సరిపోయే గీత మగవాళ్ళలో 336వ ర్యాంకు దగ్గర, ఆడవాళ్ళలో 253 దగ్గర తేలింది. ఆ గీతకి కింద వేలమంది ఉన్నారు. వాళ్ళని పోషిస్తున్నది తండ్రుల పీఎఫ్‌లు, తల్లుల నగలు.

ఇది ఊహ కాదు. మా నాలుగో అంతస్తులో ఒక కుర్రాడు ఉన్నాడు, పదిహేడేళ్ళు. వాళ్ళ నాన్న ఒకరోజు నా దగ్గరకొచ్చి, ఘట్‌కేసర్ వైపు ఉన్న 200 గజాల ప్లాటు అమ్ముదామనుకుంటున్నానన్నాడు.

"సిద్ధాంతి గారు 22 దాటాక దశ తిరుగుతుందన్నారు అన్నగారూ. పగడం పెట్టించమన్నారు."

"తిరక్కపోతే ప్లాటు వెనక్కిప్పిస్తానన్నారా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. నేనూ వేళాకోళానికి అనలేదు. 22 దాటినా తిరక్కపోతే 25 అంటారు, అప్పుడూ కాకపోతే ఉంగరం పెట్టిన వేలు తప్పంటారు. ఏం జరిగితే తన మాట తప్పినట్టో ముందుగా చెప్పనివాడి మాట మీద ఇంటి ఆస్తి పెట్టడం నా లెక్కలో కుదరదు. నాలుగు ఆదివారాలు కూర్చుని పాత రసీదులన్నీ చిట్టాకి ఎక్కించాం. చివర్లో కుర్రాడే పెన్ను తీసుకుని ఒక వాక్యం రాశాడు: రెండేళ్ళలో ఏటీపీ పట్టికలో 800 లోపు రాకపోతే ఆపేసి చదువుకుంటాను. తండ్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా సంతకం పెట్టాడు. ప్లాటు ఇప్పటికి ఆగింది.

చదువు అనగానే ఓటమి అనుకుంటారు మనవాళ్ళు. విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా యూనివర్సిటీకి ఆడి, ఆ తర్వాతే పూర్తిస్థాయి ఆటలోకి దిగాడు. 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రా. సింగిల్స్‌లో అతని అత్యుత్తమ ర్యాంకు 137. ఇంత చేసిన మనిషి పేరు మన వీధిలో పదిమందిని అడగండి, ఎంతమంది చెబుతారో.

ఈ లోటు బడ్జెట్‌కి ఇంకో ముఖం ఉంది. టెన్నిస్‌లో అవినీతి మీద వేసిన స్వతంత్ర కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. పేరుకి ప్రొఫెషనల్స్ 15 వేల మంది దాకా ఉంటే, కోచ్ ఖర్చు కలపకముందే గిట్టుబాటయ్యేది 250 నుంచి 350 మందికేనని అందులో ఉంది. మరోపక్క, అతిచిన్న మ్యాచ్‌ల పాయింట్లు కూడా అంపైరు చేతి పరికరం నుంచి నేరుగా పందేల కంపెనీలకి చేరేలా ఐటీఎఫ్ ఆ సమాచారాన్ని అమ్ముకుంది. 156 డాలర్లకి ఆడేవాడి ముందుకి, ఒక్క సెట్టు వదిలేస్తే అంతకు ఎన్నోరెట్లు ఇస్తానని ఎవడో వస్తాడు. అమ్ముడుపోయిన కుర్రాళ్ళని నేను వెనకేసుకు రాను. కానీ ఆడిట్ అబ్జెక్షన్ రాయాల్సి వస్తే, మొదటి పేరు ఐటీఎఫ్‌దే రాస్తాను.

2024 నుంచి ఏటీపీ కనీస ఆదాయ హామీ ఒకటి మొదలుపెట్టింది. ఆ ఏడాది మొదటి వందమందికి 3 లక్షల డాలర్లు, 101 నుంచి 175 దాకా లక్షన్నర, 176 నుంచి 250 దాకా 75 వేలుగా ఉండేది. మంచిదే. అది 250తో ఆగిపోతుంది. మా కుర్రాడికి ఇంకా ఒక్క పాయింటూ రాలేదు, వచ్చే నెల మొనాస్టిర్ వెళుతున్నాడు. ఉంగరం మాత్రం వాళ్ళమ్మ తొడిగింది.