విద్యకు తోడు విద్య

నల్లజర్లలో మా వద్ద అరబీ నేర్చిన ఒక కుర్రవాడు ఇప్పుడు కెమికల్ ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో ఉన్నాడు. డిగ్రీతో పాటు మైనర్‌గా మరొక శాస్త్రాన్ని ఎంచుకునే వేళ వచ్చింది. తల్లిదండ్రులు కంప్యూటర్ సైన్సు అంటున్నారు. అతని మనసు నీటిశుద్ధి మీద ఉంది. అప్పు చేసి చదివిస్తున్న ఇల్లు గనుక ఆ మాట పైకి అనలేక, “హజ్రత్, మీరే సలహా ఇవ్వండి” అని అడిగాడు.

కర్మాగారాల సంగతి మాకు అంతగా తెలియదు. అయితే ఒక విద్యకు మరొకటి ఎలా తోడవుతుందో మదర్సాలో నిత్యం చూస్తూనే ఉన్నాము. వారసత్వ వాటాలు పంచే ఫరాయిజ్ శాస్త్రానికి భిన్నాల లెక్క కావాలి. నమాజు వేళలు గుణించడానికి సూర్యగమనం తెలియాలి. తొమ్మిదవ శతాబ్దంలో బీజగణిత గ్రంథం రచించిన అల్-ఖ్వారిజ్మీ, అందులో పెద్ద భాగాన్ని వీలునామాలు, వారసత్వపు లెక్కలకే కేటాయించారు. కనుక రెండవ విద్యను ఎంచుకునేటప్పుడు, మొదటి విద్య ఎక్కడ ఆగిపోతున్నదో ముందుగా చూడాలి.

ఆ మాటే అతనిని అడిగాము. అతడు కొల్లేరును ఉదాహరణగా చెప్పాడు. 2002లో రామ్సర్ జాబితాకెక్కిన ఆ సరస్సులోకి పట్టణాల మురుగు, చెరువుల నీరు, పరిశ్రమల వ్యర్థాలు చేరుతున్నాయి. నీటిలో ఏమున్నదో రసాయన శాస్త్రం చెబుతుంది. కానీ వేల కొలతలను పోల్చి, ఏ కాలువ నుండి, ఏ నెలలో కాలుష్యం పెరిగిందో తేల్చడానికి గణాంకాలు, కంప్యూటర్ కావాలి. అంటే తల్లిదండ్రులు కోరిన విద్య, అతడు కోరిన పనికే పనిముట్టు! డేటా సైన్సును మైనర్‌గా తీసుకుని, చివరి సంవత్సరం ప్రాజెక్టును నీటిపై చేయవచ్చునని అతనికే తోచింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాము. డిగ్రీకి 160 క్రెడిట్లుంటే, మైనర్‌కు అదనంగా 18 నుండి 20 క్రెడిట్లు చదవాలి. అసలు చదువు తడబడుతుంటే ఈ బరువు ఎత్తుకోరాదు.

“దీనితో అప్పు తీరుతుందా, మౌలానా సాబ్?” అని తండ్రి అడిగాడు. ఉపాధి అల్లాహ్ చేతిలోనిది, హామీ ఇచ్చేందుకు మేమెవరము? రెండు విద్యలూ ఒకే పనికి ఉపకరిస్తే శ్రమ చెదిరిపోదని మాత్రం చెప్పాము. మష్వరా అయింది, ఇక ఇస్తిఖారా చేసి నిర్ణయించుకోవలసినది ఆ కుర్రవాడే. పిల్లల మనసులోని మాట ముందు ఇంట్లోనే వినబడాలని తల్లిదండ్రులకు మా మనవి.