జమ్మికుంటలో చక్కెరపూలు

కాజీపేటనుండి బల్లార్షాకు పోవు రైలుమార్గమున హసన్‌పర్తి, ఉప్పల్ దాటిన పిమ్మట జమ్మికుంట వచ్చును. 1929లో ఈ మార్గము పూర్తియైన తరువాతనే మద్రాసునుండి ఢిల్లీకి నేరుగా బండ్లు నడచుట సాధ్యమయ్యెను. ఈ యూరు పత్తి అంగడికి పేరుపొందినది. నేను మాత్రము మఱియొక తెల్లని సరకుకై పోయితిని.

మా చెల్లెలి మనుమనికి హోలీ మఱునాడు ఏడాది నిండుచున్నది. వానికి తొలి హోలీయు అదియే. ఈ సీమలో కాముని పున్నమకు పిల్లల మెడలో చక్కెరపేరును, కుడుకలపేరును వేయుట ఆచారము. కుడుక యనగా ఎండుకొబ్బరి చిప్ప. చెల్లెలికి పేరు కావలెను. కోడలికి కేకును, దానిపై చక్కెర గులాబీలును కావలెను. నేను పోవునప్పటికి ఆ యింట అత్తకు కోడలికి మాటలు లేవు.

"పేర్లు చేయుచోటు చూచి వత్తము, రమ్ము" అని కోడలిని వెంటబెట్టుకొని పోయితిని.

వసారాలో పెద్ద మూకుడునందు చక్కెరయు నీరును మరుగుచుండెను. అందు కొంచెము పాలు పోసిరి. పాలు విరిగి మలినమును పట్టుకొని నురుగై తేలును. దానిని తీసివేసినచో పాకము తేటపడును. కొయ్య అచ్చులను ముందే నీట నానవేసిరి. తడికొయ్యకు చక్కెర అంటుకొనదు. అచ్చు గుంటలమీదుగా దారము పఱచి పాకము పోయుదురు. చల్లారి గట్టిపడగానే పూలును, బిళ్ళలును దారమునకు గ్రుచ్చినట్లే వెడలి వచ్చును. పాకము పోయు ఇల్లాలి ముంజేతిపై కాలిన మచ్చలు కనబడెను. పాకము మరుగునీటికంటె వేడి. చర్మమునకు అంటుకొని వదలదు.

"అమ్మా, దీనితో గులాబి రేకులు వస్తయా?" అని కోడలడిగెను.

"రావు బిడ్డా, ఇది పోసిన రూపే పడుతది. తడి తగలకుంట దాచుకోవాలె, లేకుంటే కారిపోతది."

ఆ మాటకు కోడలి కన్నులు చెమర్చినవి. మెత్తని చక్కెరపొడిలో బంక కలిపి పిండివలె పిసికి, పలుచగా ఒత్తి, రేకు రేకుగా అతికి, మూడు రాత్రులు మేలుకొని ఆమె పూలు చేసెనట. అత్తగారు చెడిపోవునేమోయని వానిని ఫ్రిజ్జులో నుంచెనట. వెలుపలికి తీయగానే చెమ్మపట్టి అన్నియు వాలిపోయినవి.

తిరిగివచ్చి ఈ సంగతి చెల్లెలికి చెప్పితిని. "నాకెట్ల తెలుస్తదక్కా? మంచిగుంటయనే పెట్టిన" అనుచు అది చాలసేపు తలవంచుకొని కూర్చుండెను.

ఆ రాత్రి కోడలు మరల ఐదు పూలు చేసెను. చీమలు పట్టకుండ పళ్ళెమును నీళ్ళ తాంబాళమునందలి పీటమీద నుంచి, జల్లెడ బోర్లించి, గాలి తగులునట్లు కావలి కూర్చున్నది అత్తగారే.

సోదరీమణులారా! ఏడాది పిల్లవానికి గట్టి చక్కెరబిళ్ళ గొంతున అడ్డుపడవచ్చును. పేరును మెడలో వేసి చూచుకొని, వెంటనే తీసివేయుడు. పెద్దపిల్లలకు పెట్టునపుడు దారము లాగివేయుడు. కేకుపూలలో తీగలున్నచో కోయుటకు ముందే పూలను తీసి వేఱుగా నుంచుడు. మా మనుమడు మాత్రము ఈ రెంటిని విడిచి, కుడుకను చేతబట్టుకొని వదలలేదు.