శివారు నీరు

పెనుమూడి కృష్ణా పశ్చిమ డెల్టాకు శివారు. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయినా, కొసపొలాల నీటి బెంగ తీరలేదు. వంతు నీటికై కాలువగట్టున జాగారం చేసిన అక్కడి యువకుడొకడు దుబాయిలో పైపుల పనివాడయ్యాడు.

ఆకాశహర్మ్యాలలో ఆరేడు డిగ్రీల చల్లని నీరు గొట్టాల ద్వారా గదిగదిలోని ఫ్యాన్ కాయిల్ యూనిట్‌కు చేరుతుంది. పాతవాటిని మార్చేటప్పుడు ఒక్కొక్క నిలువు వరుసకే నీరు ఆపుతారు. తక్కిన ఇళ్లలో కాపురాలు సాగాలి కదా! ఒత్తిడి పరీక్ష ముగిశాకే గొట్టానికి తొడుగు వేయాలి. తొడుగులో వెంట్రుకవాసి సందున్నా గొట్టం చెమర్చి పైకప్పు తడుస్తుంది.

ఒకసారి కొత్త యూనిట్లు బిగించినా పై అంతస్తు చల్లబడలేదు. యూనిట్ల లోపమన్నాడు మేస్త్రీ. అతడు మారుమాటాడక, పంపుకు దగ్గరగా ఉన్న కింది అంతస్తుల వాల్వులను కొద్దికొద్దిగా బిగించాడు. ఎగువ తూము తగ్గితేనే దిగువ చేను తడుస్తుందని అతనికెవరూ నేర్పనక్కరలేదు. పై గదులు చల్లబడ్డాయి.

ఆ రాత్రి తండ్రికి ఫోన్ చేశాడు. చేనికింకా నీరెక్కలేదట.