బతుకమ్మ వెలుగులో లెన్స్

బుగ్గారంలో సద్దుల బతుకమ్మ ఆటను వీడియో తీసేటప్పుడు పెద్ద లైట్లు పెడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గౌరమ్మ ముందరి దీపం, తంగేడు పసుపు, ముఖాల మీది చెమట మెరుపు ఉన్నదున్నట్టు రావాలి.

ఎఫ్ 1.4 లెన్స్ 2.8 కంటే నాలుగింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. చిక్కల్లా ఫోకస్‌తోనే. దగ్గరి షాట్‌లో కన్ను తేటగా ఉంటే చెవి మసకబారుతుంది. స్టాన్లీ కుబ్రిక్ 'బ్యారీ లిండన్' (1975)లో కొవ్వొత్తుల వెలుగు కోసం, నాసాకని తయారైన జైస్ ఎఫ్ 0.7 లెన్స్ వాడాడు. అక్కడ నటులు పెద్దగా కదలకుండా కూర్చున్నారు. మన ఆడబిడ్డలు వంగుతూ, చప్పట్లు కొడుతూ చుట్టు తిరుగుతారు!

అందుకే లెన్స్‌ను పూర్తిగా తెరవకుండా 2 దగ్గర ఆపి, ఐఎస్ఓ కొంచెం పెంచుతాను. బొమ్మలో కాస్త గరుకు కనబడినా సరే, పాట అందుకునే పెద్దమ్మా, వెనక గొంతు కలిపే పిల్లా ఇద్దరూ కనబడాలి.