ఇంటికొచ్చారా దొరసానీ!

ఇంట్లో ఆడవాళ్లకు జీతం లేని ఉద్యోగాలు చాలా ఉన్నాయి గానీ, వాటిలో పేరు కూడా లేనిది ఒకటుంది. తలుపు తీయడం. పాలవాడికి, బడి నుంచి వచ్చే పిల్లలకు, ఆఫీసు నుంచి వచ్చే శ్రీవారికి తలుపు తీసి "వచ్చారా?" అని అడగడం. ఆ ఒక్క మాటలో కాళ్లు కడుక్కోండి, కాఫీ కలుపుతాను, మొహం అలా ఉందేం అన్నీ ఇమిడి ఉంటాయి. మరి మనల్ని ఎవరడుగుతారు? కూరగాయల సంచీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తాళం తీసుకుని, మన ఇంట్లోకి మనమే దొంగల్లా జొరబడతాం.

అలాంటి నన్ను అరవై రెండేళ్ల వయసులో, దేశం కాని దేశంలో, ముక్కూ మొహం తెలియని పిల్ల నడుం వంచి "ఇంటికొచ్చారా దొరసానీ!" అని పలకరించింది. పైగా ఆ పలకరింపుకి గంట లెక్కన డబ్బులు పుచ్చుకుంది.

అసలు సంగతేమిటంటే, మా అమ్మాయి టోక్యోలో ఉద్యోగం చేస్తోంది. చూసి వద్దామని బయలుదేరాను. ఒక్కదాన్నే ఎందుకని గద్వాల నుంచి మా వదిన, నాగర్‌కర్నూల్ నుంచి మా చిన్నమ్మ కూడా తోడొచ్చారు. నేనేమో వనపర్తిలో కాపురమున్నదాన్ని. మా మూడు ఊళ్లూ 2016 అక్టోబరు దాకా ఒకే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. ఇప్పుడు మూడు జిల్లాలయ్యాయి. టోక్యోలో మాత్రం ముగ్గురం మళ్లీ ఒకే బల్ల దగ్గర చేరాం.

గుళ్లూ తోటలూ చూడటం అయ్యాక, "ఇక్కడ తప్ప ఇంకెక్కడా పుట్టని వింత ఒకటి చూపిస్తాను పదండి" అని అమ్మాయి మమ్మల్ని అకిహబారా అనే పేటకు తీసుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రేడియో విడిభాగాలు అమ్ముకునే బజారుగా పెరిగిన చోటట అది. తర్వాత టీవీలు, కంప్యూటర్లు, వీడియో ఆటలు, బొమ్మల కథల పుస్తకాలు. ఆ బొమ్మల కథల్లో పనిపిల్ల వేషం వేసిన పాత్రలంటే కుర్రాళ్లకు మోజు. ఆ మోజే కాఫీ హోటలయింది. 2001లో అక్కడ మొదటి మెయిడ్ కఫే స్థిరంగా వెలిసింది. తర్వాత వీధి వీధికీ పుట్టుకొచ్చాయి.

లోపల అడుగు పెట్టామో లేదో, నాలుగు గొంతులు ఒక్కసారిగా "ఒకాయెరినసాయిమసే, ఒజోసమా!" అన్నాయి. జపానులో ఇంటికొచ్చిన మనిషిని "ఒకాయెరి" అని పలకరిస్తారట, అచ్చంగా మన "వచ్చారా" లాగే. దానికి మర్యాదలు తగిలిస్తే ఇంత పొడుగయింది. మగవాళ్లు వస్తే "గొషుజిన్‌సమా" అంటారు, అంటే అయ్యగారూ, దొరగారూ అని. ఆడవాళ్లను "ఒజోసమా" అంటారు. పెద్దింటి అమ్మాయిగారూ, చిన్న దొరసానిగారూ అని. డెబ్బై ఆరేళ్ల మా చిన్నమ్మను పట్టుకుని చిన్న దొరసాని అంటే ఆవిడ వెనక్కి తిరిగి, ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసింది.

ఆ పిల్లల వేషం చెప్పాలి. నల్ల గౌను, మీద కుచ్చుల తెల్ల ఏప్రాను, తలకు లేసు పట్టీ. ఇది జపాను వాళ్ల సొంత దుస్తు కాదు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో పెద్దిళ్ల పనిపిల్లలు తొడుక్కున్నది. ఆ రోజుల్లో అక్కడ పది లక్షల మందికి పైగా ఆడవాళ్లు పరాయిళ్లలో పనిచేసి బతికారు. తెల్లారకముందే లేచి పొయ్యిలో బూడిదెత్తి, బొగ్గు మోసి, రాత్రి అందరూ పడుకున్నాక అటక మీద గదిలో పడుకునేవాళ్లు. వాళ్ల గౌను ఇక్కడికొచ్చి పొట్టిదయి, కుచ్చులు కుట్టుకుని ముద్దొచ్చే వేషమయింది. 1920ల్లో టోక్యో కాఫీ హోటళ్లలోనూ కిమోనో మీద తెల్ల ఏప్రాను కట్టుకున్న ఆడపిల్లలు వడ్డించేవారు. వాళ్లలో చాలామందికి జీతమంటూ లేదు, వచ్చినవాళ్లు ఇచ్చిన ఈనాములే బతుకు. ఒక కాలంలో కన్నీళ్లు తుడుచుకున్న గుడ్డ ఇంకో కాలంలో అలంకారమవుతుంది కాబోలు.

సరే, కూర్చున్నాం. మా తలలకు పెట్టుకోమని పిల్లి చెవుల పట్టీలు తెచ్చింది. వదిన సరదాగా పెట్టుకుంది. చిన్నమ్మ "నా కొప్పు నాకు చాలు తియ్" అంది. తినడానికి ఏముందంటే, అన్నాన్ని ఆమ్లెట్టులో చుట్టి, పైన టమాటా సాసుతో బొమ్మ గీసి ఇస్తారట. అక్కడి ముఖ్యమైన వంటకం అదే. మేం గుడ్డు ముట్టని వాళ్లమాయె. కాఫీ చెప్పాం. కాఫీ నురగ మీద కూడా బొమ్మ గీస్తుందట, ఏం గీయమంటారని అడిగింది. మా వదిన తన గద్వాల చీర అంచు ముందుకు లాగి, "ఇగో, గీ నెమలి గియ్యమను" అంది.

ఆ పిల్ల ఆ అంచు చూసి కళ్లు ఇంతింత చేసుకుంది. ముట్టుకోకుండా, వంగి వంగి చూసింది. నూలు చీరకు పట్టు అంచూ పట్టు కొంగూ, కుట్టు లేకుండా మగ్గం మీదే ఒకదాన్లో ఒకటి పెనవేసి నేస్తారని మా అమ్మాయి వివరించింది. ఆఖరికి కాఫీలో తేలింది మాత్రం నెమలి కాదు, పిల్లే. తోక ఉంది కదా అని సర్దుకున్నాం. తర్వాత చేతులతో గుండె ఆకారం పట్టి "మోయె మోయె క్యున్" అని మంత్రం చదివింది. అలా చదివితే కాఫీ రుచి పెరుగుతుందట. మమ్మల్ని కూడా అనమంది. వదిన గట్టిగా అనేసి, "గిదేందే వదినె, దిష్టి తీసినట్టుంది" అని పకపకా నవ్వింది.

నవ్వనిది చిన్నమ్మ ఒక్కతే.

ఆ పిల్ల మా మాట వినడానికి బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చిన్నమ్మ గభాలున చెయ్యి చాపి, "లే బిడ్డా, లే. కింద కూసోకు" అంది. ఆ పిల్లకు భాష తెలియక ఇంకా వంగింది. "అది ఆట అమ్మమ్మా, అందులో భాగమే" అని మా అమ్మాయి సముదాయించింది.

మా వైపు పెద్దవాళ్లకు ఆ భంగిమ ఆట కాదు. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్న మాట పుట్టిన గడ్డ మాది. బాంచెన్ అంటే బానిసను అని. గద్వాల, వనపర్తి సంస్థానాలు, కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు సంస్థానం, వాటి కింద గడీలు, గడీల్లో వెట్టి. దొర ముందు చెప్పులు తొడుక్కోరాదు, తలెత్తి మాట్లాడరాదు. పెద్దిళ్ల ఆడపిల్లకు పెళ్లి చేసి పంపేటప్పుడు సారెతో పాటు ఒక పనిపిల్లను కూడా అరణంగా పంపే ఆచారం తెలంగాణలో ఉండేది. ఆ పిల్లను ఆడబాప అనేవారు. ఆమెకు పెళ్లి లేదు, జీతం లేదు, తిరిగి పోవడం లేదు. దొర కన్నుపడితే కాదనే దిక్కు లేదు.

చిన్నమ్మ తన చిన్నతనంలో అలాంటి ఆమెను చూసిందట. "నా ఎరుకల ఆమె అప్పటికే ముసల్ది. అందరు ఓ పిల్లా, ఓ పిల్లా అనే పిలుస్తుండిరి. డెబ్బై ఏండ్ల దాన్ని పిల్లా అనుడేంది? పేరు ఎవ్వలికీ తెల్వది" అంది చిన్నమ్మ. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. సంస్థానాలు పోయాయి. ఆమె మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. "యాడికి పోతది? ఆమెకు ఇల్లేది?"

నా చేతిలో కాఫీ చల్లారింది. ఎదురుగా పిల్లి బొమ్మ చెదిరిపోతోంది.

అప్పుడు మా అమ్మాయి బల్ల మీదున్న అట్ట ముక్క తీసి చదివింది. అది ఆ హోటలు నియమాల కాగితం. పనిపిల్లలను ముట్టుకోరాదు. అడక్కుండా వాళ్ల ఫోటో తీయరాదు, కావలిస్తే డబ్బు కట్టి కలిసి దిగాలి. అసలు పేరు, ఇల్లు, ఫోను నంబరు అడగరాదు. పని ఎన్నింటికి అయిపోతుందని అడగరాదు. బయట కాచుకుని ఉండరాదు. అక్కడ పిలిచే పేర్లన్నీ పెట్టుకున్న పేర్లే. వయసడిగితే ఎప్పుడూ పదిహేడే అని నవ్వేవాళ్లూ ఉంటారట.

చిన్నమ్మ రెండోసారి చదివించుకుంది. చదివించుకుని, "గీ కాయితం ఆనాడు గడీల గోడకుంటే ఎట్లుండు!" అంది.

చూడండి ఎంత తమాషానో. పేరు ఇద్దరికీ లేదు. ఈ పిల్ల తన పేరు తానే దాచుకుంది, ఆమె పేరు లోకం పారేసింది. ఈ పిల్లకు పదిహేడేళ్లంటే అది హాస్యం, ఆమె వయసు ఎవరూ లెక్కపెట్టనే లేదు. ఇద్దరూ వంగి దండం పెట్టినవాళ్లే. వంగడంలో తేడా లేదు. తేడా అంతా ఆ అట్ట ముక్కలో ఉంది. పైన నిలబడ్డ దొరకు కూడా హద్దు గీసి, దాటితే బయటికి నడవమనే కాగితంలో ఉంది.

అలాగని ఆ పిల్లల పని పూలపాన్పని చెప్పను. చలిగాలిలో ఆ పొట్టి గౌన్లతోనే వీధిలో నిలబడి, వచ్చేపోయేవాళ్లకు హోటలు కాగితాలు పంచుతుంటే చూశాం. గంటల తరబడి నవ్వడం కూడా పనే. ఇంట్లో చుట్టాలొచ్చిన రోజు మనకు తెలియదూ?

వంగడమే తప్పని కూడా అనను. మా వనపర్తి సంస్థానపు కోడలు రాణీ కుముదినీదేవి 1958లో హైదరాబాదు కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద ఆశ్రమం నెలకొల్పారు. 1962లో నగరానికి మేయరయ్యారు కూడా. దొరసాని అనిపించుకున్న మనిషి, లోకం దూరం పెట్టిన రోగుల సేవకు పూనుకుంది. ఎవరి బలవంతమూ లేకుండా చేసింది గనుక దాన్ని సేవ అన్నారు. వద్దనే వీలు లేనివాళ్లు చేస్తే అది వెట్టి. వంగే నడుం ఒకటే, పేర్లు రెండు.

గంట పూర్తయింది. లేచాం. గుమ్మం దాకా సాగనంపి ఆ పిల్ల "ఇత్తెరస్సాయిమసే" అంది. ఏమిటని అడిగితే, "పోయి రండి" అని అర్థమట. ఇంట్లో వాళ్లు బయటికి పోతుంటే అక్కడ వెళ్లిపొమ్మనరు, వెళ్లి రమ్మనే అంటారు. నాకు ఒళ్లు పులకరించింది. మన ఇళ్లల్లోనూ అంతే కదా, వెళ్తానంటే అశుభమని వెళ్లొస్తాననే అంటాం. చిన్నమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసి, తెలుగులోనే "పోయొస్త బిడ్డా" అంది. మెట్లు దిగుతూ మా అమ్మాయినడిగింది.

"గీ పిల్ల ఎన్నింటికి ఇంటికి పోతదే?"

"అది అడగొద్దని రాశారు కదా అమ్మమ్మా."

"టైము ఎందుకులే. పోతది గద?"

"పోతుంది. గౌను విప్పి, తన బట్టలు కట్టుకుని, రైలెక్కి పోతుంది."

"గంతే చాలు" అంది చిన్నమ్మ. ఆ తర్వాతే ఆ రోజు మొదటిసారి నవ్వింది.

మన దేశంలో 1976లో వెట్టిచాకిరిని చట్టం రద్దు చేసింది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు వారానికి కనీసం ఇరవై నాలుగు గంటలు ఏకబిగిన సెలవుండాలని 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ ఒడంబడిక రాసుకున్నారు. జెనీవా దూరం. వంటిల్లు దగ్గర. ఆ అకిహబారా కాగితంలాంటిది మన వంటింటి గోడకు కూడా ఒకటి ఉంటే తప్పేమిటి? పనికొచ్చే మనిషికి పేరుంది, ఆ పేరుతో పిలవాలి. ఒకటో తారీఖున జీతమివ్వాలి. వారానికో రోజు రాకపోతే అది నాగా కాదు, సెలవు. చుట్టాలొచ్చిన రోజు అదనపు గిన్నెలకు అదనపు డబ్బు. ఆమె ఇంటికి పోయే వేళయితే "ఇంకొక్క పని" అనరాదు. అయిదు ముక్కలు చాలు. రాసేది మనమే, ఆమెతో కూర్చుని రాయాలి.

కాఫీ మీద పిల్లి బొమ్మ గీయమని మాత్రం అడక్కండి. దానికి చార్జి వేరే.