తెలిసిన మాటలే, చెవికి అందవు

ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు ఇంగ్లిష్ ప్యాసేజ్ ఒకటి వినిపించి ఏం అర్థమైందని అడగండి. సగం క్లాసు ‘ఏం సమజ్ కాలే సార్’ అంటుంది. అదే ప్యాసేజ్‌ను కాగితం మీద చేతికివ్వండి. ‘ఈ మాటలన్నీ మాకు తెలుసు గద సార్’ అంటారు. కొత్తగా ఇంగ్లిష్ చెప్పే పనిలోకి వచ్చినవాళ్లు పట్టుకోవాల్సింది ఈ తేడానే. పిల్లలకు పదాలు రావనుకుని చాలామంది టీచర్లు పదాల పట్టికలు రాయిస్తారు. నోటుబుక్కులు నిండుతాయి కానీ వినికిడి ఉన్నచోటే ఉంటుంది. ఇన్నేళ్ల పనిలో నాకు రూఢిగా తెలిసింది ఒకటే: మన పిల్లలు తడబడేది పదాల దగ్గర కాదు, పదాల చివర్ల దగ్గర, వాక్యాల అతుకుల దగ్గర.

నేను పగలు జూనియర్ కాలేజీలో, సాయంత్రం సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో మేడ మీద గదిలో ఇంగ్లిష్ చెబుతాను. 1806లో మొదలైన కంటోన్మెంటు నీడన, పల్టన్ల అవసరాలకు పుట్టిన బజారు ఇది. పక్కనే రైల్వే స్టేషన్, కాస్త దూరంలో మోండా మార్కెట్. మా దగ్గరికి వచ్చే పిల్లల ఇళ్లలో తెలుగు, తమిళం, ఉర్దూ, మరాఠీ అన్నీ వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల గల్లీలో దక్కనీ మాట్లాడుతుంది, పక్కింటి అవ్వతో తమిళంలో గొడవపడుతుంది. ఎవరూ బడిపెట్టి నేర్పింది కాదు. అంటే చెవిలో లోపం లేదు. ఇంగ్లిష్ ఒక్కటే వాళ్లకు కంటి దారిన వచ్చింది. పుస్తకంలో చూశారు, గైడులో బట్టీ పట్టారు, పరీక్షలో రాశారు. చెవిలో లోపం లేదన్న సంగతి నమ్మనిదే ఈ పనిలో ఒక్క అడుగు పడదు. ‘వీళ్లకు రాదు’ అన్న టీచరు దగ్గర ఎవరికీ రాదు.

నాకు ఈ పని నేర్పింది తార్నాకలోని సీఫెల్. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో సీఫెల్ అయి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఇఫ్లూ అయిన సంస్థ. నేను శిక్షణ పొందిన రోజుల్లో అందరి నోటా సీఫెలే. అక్కడ మాకు ఫొనెటిక్స్ చెప్పిన మేడం దగ్గర ఒక చెక్కపెట్టె నిండా క్యాసెట్లుండేవి. షార్ట్‌వేవ్ రేడియోలో వాయిస్ ఆఫ్ అమెరికా ‘స్పెషల్ ఇంగ్లిష్’ పట్టి ఆమె స్వయంగా రికార్డు చేసుకున్నవి. 1959లో మొదలైన ఆ ప్రసారాల్లో సుమారు 1,500 పదాలే వాడేవారు, నిదానంగా చదివేవారు. నిదానమే గానీ ముక్కలు ముక్కలుగా కాదు, మాటకు మాట కలిసే తీరు చెడకుండా. టీచరు నెమ్మదిగా చదవడమంటే ప్రతి పదాన్నీ విడదీసి చదవడం కాదని నాకు అప్పుడే తెలిసింది. విడదీసి చదివితే ఆ క్లాసులో అందరికీ అర్థమవుతుంది, బయటికి వెళ్లాక ఎవరికీ అర్థం కాదు.

అదే సంస్థకు చెందిన ఆర్.కె. బన్సల్ గారి పరిశోధన ఆమె మాకు పాఠంగా చెప్పారు. భారతీయుల ఇంగ్లిష్ ఇతరులకు ఎందుకు అందదో పరీక్షించి, స్ట్రెస్ తప్పుచోట పడటం, అంటే పదంలో నొక్కి పలకాల్సిన చోటు మారిపోవడం, పెద్ద కారణాల్లో ఒకటని 1969లో వచ్చిన గ్రంథంలో ఆయన చూపించారు. మేడం దాన్ని తిరగేసి చూడమనేవారు. మనం పలికే తీరు వాళ్లకు అందకపోతే, వాళ్లు పలికే తీరు మన చెవికీ అందదు కదా. మన పిల్లలు ‘కంఫర్టబుల్’ అని అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతారు. రికార్డులో వచ్చేది ‘కంఫ్‌టబుల్’. ‘వెజిటబుల్’ అక్కడ ‘వెజ్‌టబుల్’. మోండా మార్కెట్ పక్కన పుట్టి పెరిగిన పిల్లకు వెజిటబుల్ తెలియక కాదు, ఆ రూపంలో వస్తే గుర్తుపట్టదు.

పాఠం ఎక్కడ మొదలుపెట్టాలంటారా? నా మటుకు స్టేషన్లో. దీనికి వెనక పెద్దల దన్ను ఉంది. ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ పాఠాలు పక్కన పెట్టి, పిల్లల చేతికి రైల్వే టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి, ఫలానా ఊరికి ఏ బండి ఎక్కాలో ఇంగ్లిష్‌లోనే తేల్చమన్నారు. పని తెగాలంటే భాష అర్థం చేసుకోక తప్పదు. ఆయన అనుభవం 1987లో పుస్తకంగా వచ్చింది. మాకు స్టేషనే పక్కన ఉంది కాబట్టి టైంటేబుల్‌తో పాటు అనౌన్స్‌మెంటు కూడా దొరికింది.

అనౌన్స్‌మెంటు తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింట్లో వస్తుంది. తెలుగులో వినేసరికి విషయం తెలిసిపోతుంది. ఇంగ్లిష్ వచ్చేటప్పటికి అర్థం కోసం వెతుక్కునే బరువు ఉండదు, చెవి మొత్తం ధ్వని మీద నిలుస్తుంది. మొదటి వారమంతా అదే పని. బండి నంబరు, పేరు, ప్లాట్‌ఫాం, ఆలస్యం రాసుకురావాలి. 12728 గోదావరి ఎక్స్‌ప్రెస్ అని రాయడం తేలిక, అంకెలు విడివిడిగా చెబుతారు. చిక్కంతా ఆలస్యం దగ్గర. ఫిఫ్టీనా, ఫిఫ్టీనా అని అడిగితే నేను ఏది అడిగానో కూడా వాళ్లకు తెలియదు. మన చెవి చివరి దీర్ఘం కోసం వెతుకుతుంది. పట్టుకోవాల్సింది నొక్కు. యాభై అయితే నొక్కు మొదట పడుతుంది, చివర తేలిపోతుంది. పదిహేను అయితే చివర కూడా బరువుగా నిలుస్తుంది. రెండో వారం నుంచి వరస తిరగేసి, ఇంగ్లిష్ ముందు, తెలుగు తరువాత వచ్చేలా నేనే చదివి రికార్డు చేసి వినిపిస్తాను. అప్పుడు తెలుగు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

రైల్వేలో ట్రాక్‌మన్ కొడుకు ఒకడు ఉండేవాడు. రైలు ఆలస్యమైనప్పుడు చివర వచ్చే క్షమాపణ వాక్యాన్ని ఆడగొంతుతో అచ్చం దింపేవాడు. క్లాసంతా నవ్వేది. అందులో ఎన్ని పదాలున్నాయిరా అని అడిగాను. ‘ఇన్‌కన్వీనియన్స్’ తరువాత ‘కాజ్డీస్’ అని ఒక పదం ఉందన్నాడు. బోర్డు మీద కాజ్‌డ్, ఈజ్ అని రెండుగా రాసి మధ్యలో గీత గీశాను. వాడు మళ్లీ ఒకసారి తనలో తాను అనుకుని, ‘సార్, ఆ డ్ అవతలి మాటకు అంటుకుంది’ అన్నాడు. ఫొనెటిక్స్ పుస్తకం లింకింగ్ అనే సంగతిని వాడు తన నోటితో కనిపెట్టాడు. ఆ వారం నుంచి వాడి కాగితంలో భూతకాలాలు కనిపించసాగాయి.

దీని మూలం మన భాషలో ఉంది. తెలుగు అజంత భాష, మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. ఇంగ్లిష్ మాట హల్లుతో ముగిస్తే మనం ఒక ఉకారం తగిలిస్తాం. స్టాప్‌డ్ అన్నది ‘స్టాప్డు’ అవుతుంది. నోరు అలా అలవాటుపడ్డాక చెవి కూడా ఆ ‘డు’ కోసమే కాచుకుంటుంది. అది రాదు. రాకపోతే పిల్లవాడు జరిగిపోయిన పనిని రోజూ జరిగే పనిగా రాస్తాడు, చివరి స్ అందక బహువచనాన్ని ఏకవచనం చేస్తాడు. కెన్, కాన్ట్ సంగతీ అంతే. వేగంగా మాట్లాడినప్పుడు చివరి ‘ట్’ వినిపించదు. దాని కోసం కాచుకోవద్దని చెప్పండి. మాట తేలికగా జారిపోతే అవును, నిండుగా నిలబడితే కాదు. ఈ ఒక్క కిటుకుతో సగం తప్పులు పోయిన పిల్లల్ని చూశాను.

వినికిడికి నేను ఎక్కువగా నమ్ముకున్న పని డిక్టోగ్లాస్. నాలుగైదు వాక్యాల చిన్న ప్యాసేజ్‌ను మామూలు వేగంతో చదవాలి. మొదటిసారి పెన్నులు కింద. రెండోసారి దొరికిన మాటలు మాత్రం రాసుకుంటారు. తరువాత నలుగురేసి కూర్చుని ఆ మాటలతో ప్యాసేజ్‌ను మళ్లీ కట్టాలి. అసలు ప్యాసేజ్ చివర ఇస్తాం. పిల్లల కాగితాల్లో ఏది రాలిపోయిందో చూడండి. పెద్ద మాటలన్నీ ఉంటాయి. రాలేవి ఆఫ్, టు, హాజ్, చివరి డ్, చివరి స్. అవి తిరిగి ఎలా వస్తాయి? నలుగురిలో ఒకరు ‘ఇక్కడ ఏదో ఉండాలి, లేకపోతే వాక్యం నిలవదు’ అంటారు. ఆ మాట పుట్టే దాకా టీచరు నోరు మెదపకూడదు. ఈ పనిలో అన్నిటికన్నా కష్టం అదే.

ఇక చదవడం. చాలా క్లాసుల్లో ఒక్కొక్కరినీ లేపి గట్టిగా చదివిస్తారు. చదివే పిల్ల ధ్యాసంతా తప్పు పలకకుండా ఉండటం మీదే ఉంటుంది, చదివిందేమిటో తెలియదు. వినేవాళ్లకు అంతకన్నా తెలియదు. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920ల్లోనే బెంగాలీ పిల్లలకు మౌనంగా చదవడం ముందు నేర్పాలని వాదించారు. వందేళ్లవుతున్నా మన క్లాసులు ఆ సంగతి పట్టించుకోలేదు. నాకు దీని మీద నిజంగా బాధ ఉంది.

చదవడంలో అతుకులెక్కడో చెబుతాను. ఒక వాక్యం తీసుకోండి: ‘ది ఇంజనీర్ హూ డిజైన్‌డ్ ది బ్రిడ్జ్ దట్ కొలాప్స్‌డ్ లాస్ట్ ఇయర్ హాజ్ రిజైన్‌డ్.’ ఇందులో తెలియని మాట లేదు. అయినా ‘పోయినేడాది ఏం జరిగింది?’ అంటే ‘ఇంజనీరు రాజీనామా చేశాడు’ అని రాసేవాళ్లుంటారు. మన వాక్యంలో వర్ణనంతా ముందు వచ్చి మనిషి తరువాత వస్తాడు: పోయినేడాది కూలిన వంతెనను డిజైన్ చేసిన ఇంజనీరు. ఇంగ్లిష్‌లో మనిషి ముందు వచ్చి వర్ణన వెంట పడుతుంది, అసలు క్రియ ఎక్కడో దూరంగా ఉంటుంది. అందుకే పెన్సిల్ పట్టించండి. హూ, విచ్, దట్ కనిపించిన ప్రతిచోటా నిలువు గీత. ఆ ముక్క ముగిసినచోట మరో గీత. మధ్య ముక్కను వేలితో మూసి చదివితే ‘ఇంజనీర్ హాజ్ రిజైన్‌డ్’ మిగులుతుంది. ఇట్, దే, దిస్ అన్న మాటల నుంచి అవి దేన్ని సూచిస్తాయో దానికి బాణం గీయించండి. తెలుగులో సర్వనామం చెప్పకున్నా నడుస్తుంది కాబట్టి మన పిల్లలు వాటిని దాటేసి పోతారు. బాణాలు గీసిన కాగితం చూస్తే ఎక్కడ దారి తప్పారో టీచరుకు తేటతెల్లం.

ఈ చిక్కులు మనవే అనుకునేవాణ్ని, చైనా ప్రశ్నపత్రాలు చూసేదాకా. అక్కడ హైస్కూల్ చివరి ఏడాది పిల్లలు రాసే గావోకావో పరీక్షలో ఇంగ్లిష్‌కు సాధారణంగా 150 మార్కులు, అందులో 30 వినికిడికి. 20 ప్రశ్నలు. మొదటి ఐదు చిన్న సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు, మిగతావి రెండుసార్లు. మాండరిన్‌లో అక్షరం అచ్చుతోనో, న్, ఙ్‌లతోనో ముగుస్తుంది తప్ప ట్, డ్, క్‌లతో ముగియదు. కాలాన్ని బట్టి క్రియ రూపం మారదు. వర్ణన నామవాచకానికి ముందే వస్తుంది. అంటే చివరి డ్ వాళ్ల చెవికీ అందదు, ‘హూ’ దగ్గర వాళ్లూ వెనక్కి తిరుగుతారు. వాళ్ల పత్రంలో ఒక ప్రశ్న నాకు బాగా నచ్చింది. ప్యాసేజ్‌లో ఐదు ఖాళీలుంటాయి, కింద ఏడు వాక్యాలిస్తారు. ఐదింటిని సరైన చోట పెట్టాలి, రెండు మిగలాలి. బట్టీతో కుదరదు. ముందు వాక్యం, వెనక వాక్యం ఎలా ముడిపడ్డాయో చూడక తప్పదు. మేడ మీద గదిలో ఇప్పుడు వారానికొకటి ఇదే చేయిస్తున్నాను. ఇంటర్ పాఠ్యపుస్తకంలోని పాఠాలనే కత్తిరించి తయారుచేసుకోవచ్చు, ఖర్చేమీ ఉండదు.

మన దగ్గర వినికిడికి మార్కులు ఈ మధ్యే వచ్చాయి. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023–24 నుంచి ఇంగ్లిష్‌లో ప్రాక్టికల్స్ పెట్టింది, 100లో 20 వాటికి. మా తరం టీచర్లు ఎన్నాళ్లుగానో కోరుకున్నది ఇది. ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్‌లో ఇంగ్లిష్ లేదని ఏ కాలేజీలోనైనా ముందు కోసేది మా పీరియడ్‌నే. ఇప్పుడు కనీసం స్పీకరు పెట్టడానికి ఒక గది దొరుకుతోంది. పెద్ద క్లాసులో వెనక బెంచీకి ధ్వని అందదు, ఫ్యాన్లు ఆపితే ఉక్క, ఆపకపోతే హోరు. స్పీకరును ముందు బల్ల మీద కాకుండా గది మధ్యలో పెట్టండి. పిల్లలు దాని చుట్టూ కూర్చోవాలి.

ప్యాసేజ్ ఏ స్థాయిలో ఉండాలన్నది ప్రతి కొత్త టీచరూ అడిగేదే. ప్రభు గారు చెప్పిన కొలతే నేనూ వాడతాను. క్లాసులో కనీసం సగం మంది, పనిలో కనీసం సగం సరిగ్గా చేయగలగాలి. అంతకన్నా తక్కువైతే రేపు తేలికది ఇవ్వండి. అందరూ అన్నీ రాసేస్తే కష్టమైనది తీయండి. అసలు పనికి ముందు అలాంటిదే ఇంకొకటి క్లాసంతటితో కలిసి నోటితో చేయండి. ప్రశ్నలు వినక ముందే చదివించండి, ఏం వినబోతున్నారో ఊహించమనండి. ఆప్షన్లలో ప్యాసేజ్‌లోని మాటలే అచ్చంగా కనిపిస్తే అనుమానించడం నేర్పండి, తప్పు ఆప్షన్లను అలాగే అల్లుతారు. ఒకే గొంతుకు అలవాటు పడనీయకండి. మా గల్లీలో రిటైరైన గార్డు గారు, చర్చిలో బైబిల్ చదివే ఆంటీ, సైన్యంలో పనిచేసి వచ్చిన తమిళాయన నా ప్యాసేజ్‌లు చదివి పెట్టారు. వాళ్ల గొంతులు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి.

ఇవన్నీ చేసినా మార్చి నాటికి అందరూ దారికి రారు. ఆలస్యంగా చేరినవాళ్లు, పగలు దుకాణంలో నిలబడి వచ్చి నిద్రకు తూగేవాళ్లు కొందరు మిగిలిపోతారు. వాళ్లకు కొత్త ప్యాసేజ్‌లు ఇవ్వకండి. విన్నదాన్నే, ట్రాన్స్‌క్రిప్ట్ చేతికివ్వకుండా, మర్నాడు మళ్లీ వినిపించండి. నిన్న రాలిపోయిన చివరి డ్ ఎవరి కాగితంలోకి వచ్చిందో వాళ్ల పేరు బోర్డు మీద రాయండి.