మా గురిచట్రము

ఈ యేటి సంచికకు ఒక వ్యాసము వ్రాయుడని విద్యార్థి సంపాదకులు మమ్ము కోరిరి. ఏ విషయమును గూర్చి వ్రాయవలెనని అడుగగా, గురిచట్రమును గూర్చియే వ్రాయవలెనని తొమ్మిదవ తరగతివారు ఏకకంఠముగ పలికిరి. పాఠశాల వెనుకటి మైదానములో, మట్టికట్టకు ముందు, గాలితుపాకి గురి నేర్చువారి కొరకు కాగితమును పట్టుకొని నిలుచు ఆ నాలుగు కర్రల వస్తువును ఎరుగని విద్యార్థి మన పాఠశాలలో లేడు. తల్లిదండ్రులలో కొందరు మాత్రము దానిని బట్టలారవేయు కొయ్యగా తలంచిరని వింటిమి. వారిని తప్పుపట్టజాలము, దానికి తగిలించిన క్లిప్పులు నిజముగ బట్టల క్లిప్పులే. దాని పుట్టుక చెప్పుటలో మాకు కొంత సంతోషమును, అంతకంటె ఎక్కువ సిగ్గును కలవు.

శేరిలింగంపల్లి పిల్లలకు ఈ విద్యపై ఆసక్తి కలుగుటలో వింత లేదు. మనకు సమీపముననే హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో షూటింగు రేంజి కలదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సునందు పది మీటర్ల గాలితుపాకి పోటీలో కాంస్యపతకము పొందెను. అర్హత పోటీలో 600కు ఆయన సాధించినది 598. ఈ సంఖ్యను తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు మెచ్చుకొనిరే గాని ఆశ్చర్యపడలేదు. పది మీటర్ల గాలితుపాకికి వాడు గురికాగితమును నల్లబల్లపై అంటించి చూపినప్పుడు మాత్రము తరగతి నిశ్శబ్దమయ్యెను. కాగితము ఎనిమిది సెంటీమీటర్ల చదరము, అరచేతిలో ఇముడును. అందలి నల్లని వృత్తము మూడు సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ. పది మార్కులు తెచ్చు చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. అనగా కలముతో పెట్టిన పూర్ణవిరామమంత. వెనుక బల్లలవారికి అది కనబడనే లేదు.

పూర్వ విద్యార్థి యొకరు పాఠశాలకు రెండు గాలితుపాకులను బహూకరించిరి. ప్రధానోపాధ్యాయులు అనుమతించిరి. గురిని నిలబెట్టు సాధనము సమకూర్చు భారము మాపై పడెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధనోపకరణముల తయారీలో మేము మంచి మార్కులు పొందినవారము; ఆ గర్వము మమ్ము విడువలేదు. వెల్డింగు దుకాణమునకు పోయి, ఇనుప యాంగిలుతో మూడు కాళ్ళ చట్రము నొకదానిని చేయించి, పచ్చరంగు వేయించితిమి. దానిని ఎక్కడ నిలుపవలెనన్న ప్రశ్నకు సమాధానము మైదానపు మూలననే కనబడెను. అక్కడ ఏనుగంత బండ యొకటి కలదు. మన ప్రాంతపు ఈ నల్లరాతి బండలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇంతకంటె గట్టి అడ్డు ఎక్కడ దొరకునని మేము సంతసించితిమి.

మొదటి దినమున మూడవ వంతు వచ్చిన బాలుడు కాల్చిన గుండు కాగితమునకు తగులలేదు. టప్పున ఒక చప్పుడయ్యెను. మరుక్షణమున మా కుడి కళ్ళద్దము పగిలెను. ప్రక్కననే వరుసలో నిలుచున్న తొమ్మిదవ తరగతి బాలిక వంగి, మా పాదముల యొద్దనుండి పావలా బిళ్ళవలె చదునైన సీసపు ముక్కను ఏరి మా చేతిలో పెట్టెను. ఆమెకు కళ్ళద్దములు లేవు. ఆ ముక్క జానెడు ప్రక్కగా వచ్చియుండినచో ఏమయ్యెడిదో వ్రాయుటకు మా చేయి ఆడుటలేదు. దానిని త్రిప్పిపంపినది బండయో, ఇనుమో నేటికిని మాకు తెలియదు. తప్పు ఆ రెంటిది గాక మాదని మాత్రము తెలియును.

తుపాకులను ఆనాడే పెట్టెలో పెట్టి, తాళపుచెవిని ప్రధానోపాధ్యాయులకు అప్పగించి, జరిగినది జరిగినట్లు చెప్పితిమి. ఆ సాయంకాలము బాలిక ఇంటికిని పోయితిమి. తల్లి మాటాడలేదు; తలుపు నొద్దనే నిలిచి వినెను. కేకలు వేసియుండిన మాకు సులువుగ నుండెడిది. రెండు నెలలు ఆ పెట్టె తెరువబడలేదు.

తిరిగి ప్రారంభింపవలెనని పిల్లలు కోరినప్పుడు మేము పాత ఊరిలోని వడ్రంగి మేస్త్రీ యొద్దకు పోయితిమి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయినది మొదలు మన చుట్టుప్రక్కల లేచిన మేడలలో ఎన్నిటికో ఆయన తలుపులు బిగించెను. మేము గీసిన పటమును చాలసేపు చూచి ఆయన అడిగిన దిది: “సారూ, గీ చట్రం గుండును ఆపాల్నా, కాయితాన్ని పట్టుకోవాల్నా? రెండు పనులు ఒక్కదానికే అప్పజెప్తె రెండూ చెడ్తయి.”

ఇరువది సంవత్సరములు లెక్కలు చెప్పిన మాకు ఈ ప్రశ్న తోచలేదు! గుండును ఆపుట వెనుకనున్న మట్టి పని. చట్రము కాగితమును పట్టుకొనిన చాలును. గుండు దానికి తగిలినను త్రిప్పికొట్టక, దారి యిచ్చి తాను విరుగవలెను. కావున ఇనుము పనికిరాదు. టేకువంటి ఖరీదైన కొయ్యయు అక్కరలేదు. విరిగినప్పుడు ఏడ్వనవసరము లేని చవుక కొయ్య కావలెను. యంత్రములు వచ్చు పెట్టెలను విప్పగా మిగులు తెల్లచెక్కను మేస్త్రీ చవుకగా తెచ్చిపెట్టెను.

చేసిన విధమును కొంత వివరముగ చెప్పెదము. ఇతర పాఠశాలలవారికి ఉపయోగపడవచ్చును. రెండున్నర అడుగుల పాదములు రెండు. వానిని నేలకు ఆనుకొని కలుపు అడ్డకర్ర ఒకటి. ఒక్కొక్క పాదము నడుమ పైకి తెరచియున్న గూడు. రెండంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము, ఆరడుగుల పొడవు గల బద్దలు రెండింటిని ఆ గూళ్ళలో దింపి, చెక్క చీలలతో బిగింతుము. మేకు ఒక్కటియు లేదు. ఏలననగా, మేకు కూడ ఇనుమే. బద్దల నడుమ అట్టను క్లిప్పులతో తగిలించి, అట్టపై గురికాగితమును అంటింతుము. అట్టలకు కొదువ లేదు. మన పేటలో ప్రతి యింటికి దినమునకొక అట్టపెట్టె వచ్చుచునే యున్నది. నిలిచి కాల్చువారికి గురి నడిబిందువు నేలనుండి 1.40 మీటర్ల యెత్తున నుండవలెనని నిబంధన. ఆ యెత్తున బద్దలపై ఎఱ్ఱగీత గీచితిమి. కూర్చుండి నేర్చుకొను చిన్న తరగతులవారికి క్రింద మరియొక గీత కలదు. క్రిందనున్నవాడు పైనున్న గురిని కాల్చిన గుండు ఆకాశమువైపు పోవును గదా.

ఈ చట్రము మొదటివారమే బోర్లపడెను. అది మృగశిర కార్తె. అట్ట తెరచాపవలె గాలిని పట్టి చట్రమును పడద్రోసెను. అట్టను సగమునకు కోసితిమి. అడ్డకర్రపై ఇసుకసంచి నొకదానిని వేసితిమి. అప్పటినుండి పడలేదు. మరియొక చిక్కు తాడుతో వచ్చెను. నాలుగు గంటలకు కబడ్డివారికి మైదానము విడువవలెను గనుక చట్రమును దినదినము ఎత్తిపెట్టి మరల నిలుపవలెను. దూరము కొలుచుటకు పది మీటర్ల నూలుతాడు నొకదానిని ఉంచితిమి. వానకాలమున పిల్లల మార్కులు ఒక్కసారిగ పెరిగెను. మేము వారిని మెచ్చుకొని, కరెస్పాండెంటుగారికిని తెలిపితిమి. తరువాత కొలిచి చూడగా, తాడు తడిసి ముడుచుకొని జానెడు పొట్టియయ్యెను! ఆ కొంచెపు దగ్గరకే అన్ని మార్కులు పెరుగునా అని సందేహము. పిల్లలు నిజముగనే మెరుగుపడిరని వారి వాదము. ఇప్పుడు ఇనుప టేపు వాడుచున్నాము.

ఇక మట్టి. మన ఊరి మొరములో రాళ్ళు మెండు. రాయి కలిసిన కట్ట మరల బండయే యగును. మూడు ట్రాక్టర్ల మట్టిని మైదానపు ఉత్తరపు కొసన పోయించి, రెండు వారముల పాటు జల్లెడ పట్టితిమి. ఉత్తరపు కొస ఎందులకనగా, ఉత్తరమునకు తిరిగి కాల్చువారి కన్నులలో ఎండ పడదు. కట్ట ఏడడుగుల యెత్తు. దాని వెనుక ప్రహరి గోడ. కాల్చునప్పుడు ఆవలి సందులో ఒక ఉపాధ్యాయుడు కావలి. గీటు దాటి ముందుకు పోవుట నిషిద్ధము. అందరికి రక్షణ కళ్ళద్దములు. సీసము విషము గనుక చేతులు కడుగక టిఫిను డబ్బా తెరువరాదు. ఇదంతయు గాలితుపాకి మాట. పాయింటు టూటూ రైఫిలు గుండు మైలుకు పైగా పోగలదు. దానికి అనుమతి గల రేంజి తప్ప వేరు చోటు లేదు. మన మట్టికట్టను చూచి ఎవరును ఆశపడరాదు.

కట్ట పూర్తియైన దినమున ఆ బాలిక తల్లికి కబురంపితిమి. రాదనుకొంటిమి. కాని పనినుండి నేరుగ వచ్చినట్లున్నది, గుర్తింపు కార్డు మెడలోనే యున్నది. చట్రమువైపు ఆమె చూడనే లేదు. “సారూ, పిల్ల ఏడ నిలవడ్తది? మీరు ఏడ నిలవడ్తరు?” అని అడిగెను. చూపితిమి. పిమ్మట కట్ట యొద్దకు పోయి, మోచేతివరకు చేయి మట్టిలో దూర్చి, ఇక్కడ అక్కడ కెలుకుచు చాలసేపు వెదకెను. పిల్లలందరు ఊపిరి బిగబట్టి చూచుచుండిరి. చివరకు చింతగింజంత రాయి నొకదానిని తీసి, మా అరచేతిలో పెట్టెను.

ఆనాడు కాల్చుట జరుగలేదు. కట్ట ముందటి భాగమును మరల త్రవ్వి, సన్నజల్లెడ పట్టుటకు నాలుగు దినములు పట్టెను. ఐదవ దినమున ఆమె మరల వచ్చి, వెదకి, ఈసారి వట్టిచేతితో లేచి, కొంగుతో చేయి తుడుచుకొని గీటు వెనుక వేపచెట్టు నీడన కూర్చుండెను. ఆమె కూతురు పది గుండ్లు కాల్చెను. మూడు కాగితమునకు తగిలెను. ఒకటి ఎడమ బద్దను చీల్చెను. దానిని ఆ సాయంకాలమే మార్చితిమి. ఆరు మట్టిలోనికి పోయెను.